ఎలిజబెత్ కొన్న పావుగంట

నా భార్య ఎలిజబెత్‌కు ప్రొద్దుటూరులో డీటీపీ సెంటరు ఉండేది. నేను బడిపంతులును, పైసా పైసా చూసుకునేవాణ్ణి. ఆమె మొండిదని నేనంటాను, తెలివైనదని ఊరంతా అంటుంది.

తొంభై తొమ్మిది ఎన్నికలప్పుడు పెద్దముడియం వైపు ఒక ఊరి రెండు వర్గాలూ ఆమె దగ్గరికే వచ్చేవి. ఓటర్ల జాబితాలను రోజూ సరిచేసి, ఇంటిపేర్ల వారీగా విడదీసి ఇవ్వాలి. ఎవరి ఓటు ఎటో వాళ్ళు అలాగే తేల్చుకునేవాళ్ళు. ఎలిజబెత్ ఒకటే కట్టడి పెట్టింది: ఒక వర్గం పదకొండులోపు పోవాలి, రెండోది పన్నెండు తర్వాత రావాలి. ఆ జీపుల్లో కాగితాలే కాదు, నాటుబాంబులూ ఉండేవి.

ఒకరోజు జాబితా రెండుసార్లు వేయాల్సొచ్చి, కంప్యూటరు నత్తనడక నడిచి పన్నెండు దాటింది. మొదటి జీపు అటు మలుపు తిరిగిందో లేదో, ఇటు రెండోది వచ్చి ఆగింది.

మర్నాడే ఆమె ఆ జాబితాను ఫ్లాపీలో వేసుకుని కంప్యూటర్లమ్మే మురళీమోహన్ దగ్గరికి పోయింది, వెంట నేనూ. పెద్ద క్యాష్ మెమరీ ఉన్న ప్రాసెసరుకు నాలుగు వేలు ఎక్కువన్నాడు.

"అన్ని దుడ్లు పెట్టేదానికి ఏందప్పా దాంట్లో గొప్ప?" అన్నాను.

"బంగారం అంగట్లో నగలు చేతికందే ట్రేలో ఉంటే బేరం తొందరగా అయితాది సార్. ప్రతిదానికీ లోపలి బీరువాకు పోతాంటే ఆలస్యం కాదా? క్యాష్ అంటే ఆ ట్రే లాంటిదే, దీంట్లో అది పెద్దది. లెటర్లు టైపు చేసుకునేటోళ్ళకు దండగే. అక్క అవే పేర్లు మళ్ళీ మళ్ళీ తిరగేస్తాంది కదా."

ఎలిజబెత్ ఆ మాట ఊరికే నమ్మలేదు. రెండు రకాల్లోనూ తన జాబితానే వేయించి గడియారం చూసింది. చిన్నదాంట్లో ముప్పావుగంట, పెద్దదాంట్లో అరగంట.

"ఆ పావుగంటే నాకు కావాల్సింది," అని పెద్దదే కొనింది. నేను వారం రోజులు గొణిగాను.

పోలింగుకు మూడు రోజుల ముందు రెండో వర్గం నాయకుడు రామాంజులు కావాలనే పదకొండుకు దిగాడు, వెనక ఆరుగురు. మొదటివాళ్ళు పోయి పది నిమిషాలే అయింది. పాత కంప్యూటరైతే వాళ్ళింకా అక్కడే ఉండేవాళ్ళు.

"యాడమ్మా వాళ్ళు?" అన్నాడు.

"పోయి శానాసేపాయె. కూర్చోప్పా," అంది ఎలిజబెత్.

అవతలి నాయకుడు కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె దాన్ని పక్కకు జరిపి, రామాంజులుకు వేరే కుర్చీ వేసింది.