నల్లులు చావని ఏడాది

మా పాపకు పదో నెల. అది ఆడుకుంటున్నప్పుడు చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి నిలబడి, ఒకసారి చప్పట్లు కొడతాను. తల తిప్పి చూసిందంటే నా ప్రాణం కుదుటపడుతుంది. ఒక్కోసారి చేతిలోని గిలక్కాయలో మునిగిపోయి తిప్పదు. అప్పుడు మళ్ళీ కొడతాను, ఇంకా గట్టిగా కొడతాను, చివరికి అది ఉలిక్కిపడి ఏడుపందుకుంటుంది. మా వారు చూసి నవ్వుతారు. నవ్వడంలో తప్పు లేదు. మా తమ్ముడికి అయిదేళ్ళప్పుడు జ్వరంలో వినికిడి పోయింది, జ్వరంలో పోయినది మేనకోడలికి రాదని జంతుశాస్త్రం చదివిన నాకు తెలుసు. తెలిసినా చేతులు ఊరుకోవు.

రెండు వారాల కిందట మా నాయన ఉద్దనపల్లి నుంచి కృష్ణగిరిలోని మా ఇంటికి వచ్చారు. తమ్ముడికి గురుబరపల్లిలో ఒక సంబంధం కుదిరేలా ఉందనీ, పొలమూ పిల్లవాడూ వాళ్ళకు నచ్చినట్టేననీ, కానీ ఒక్క అనుమానం మాత్రం వదలడం లేదనీ చెప్పారు. చెవుడు పుట్టుకతో వచ్చిందేమో, రేపు పుట్టే బిడ్డలకూ వస్తుందేమోనని వాళ్ళ భయం. మా అమ్మానాయనలది మేనరికం కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. జ్వరంలో పోయిందని మా నాయన ఎంత చెప్పినా వాళ్ళు నమ్మలేదట.

“నేను చెప్తే పెండ్లికొడుకు నాయన మాట అంటారు, నువ్వు చెప్తే సైన్సు అంటారు. నువ్వు ఒకసారి వచ్చి పోవాలమ్మా,” అన్నారాయన.

వస్తానన్నాను. తను నన్ను ఏం అడుగుతున్నారో ఆయనకు తెలియదు. ఆ జ్వరం సంగతి మొదటినుంచీ చెప్పాలంటే నేను చదువుకునే రోజుల నుంచి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి బయటపెట్టాలి. మొన్న ఆదివారం వెళ్ళాను, చెప్పాను, తిరిగి వచ్చాను. అప్పటినుంచి పాపను పడుకోబెట్టాక కన్ను మూతపడక ఈ కాగితాల ముందు కూర్చుంటున్నాను. నా ఈడువాళ్ళు, ఆ రోజుల్లో మా ప్రాంతపు ఊళ్ళలో పెరిగినవాళ్ళు చదివితే అర్థం చేసుకుంటారని ఆశ.

యాభైల మొదట్లో మా ఊళ్ళో వానలు వెనకబట్టగానే చలిజ్వరం, అదే మలేరియా, వచ్చేది. రాగి కోతలు వచ్చినంత మామూలుగా వచ్చేది, పెద్దలు దానికి భయపడే ఓపిక కూడా పోయి, ఎవరింట్లో ఎందరు పడుకున్నారో పొద్దున్నే నీళ్ళ దగ్గర చెప్పుకుని ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. అప్పుడు వచ్చారు, మందు కొట్టేవాళ్ళు. ఖాకీ నిక్కర్లు, వీపున డబ్బా, చేతిలో పొడుగాటి గొట్టం. ఏడాదికి రెండు మార్లు ఇంటింటికీ వెళ్ళి లోపలి గోడలన్నిటి మీదా పాలలాంటి మందు చిమ్మి, గుమ్మం పక్కన ఎర్ర రంగుతో తారీకు వేసి పోయేవాళ్ళు. ఆరిన తర్వాత గోడల మీద తెల్లటి పొడి మిగిలేది. మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, మొదట దేవుడి గదిలోకి వాళ్ళను రానివ్వలేదు. మర్నాడు పొద్దున లేచి చూసిన తర్వాత ఆమే వెనక్కి పిలిపించి ఆ గదిలోనూ కొట్టించుకుంది.

ఎందుకంటే ఆ రాత్రి ఇంట్లో నల్లులు చచ్చాయి. ఎన్ని చచ్చాయంటే, నులక మంచం ఎత్తి ఒక్కసారి నేలకు తాటిస్తే కంకి నలిపినప్పుడు రాగులు రాలినట్టు రాలాయి. నల్లుల కోసం మంచాలు ఎండలో వేసి, వాటి కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసి, అయినా తెల్లవార్లూ గోక్కుంటూ పెరిగిన మాకు అది పండగ. అవ్వ వాటిని చేటలోకి ఎత్తి వీధంతా తిప్పి చూపించింది.

“వీటి వంశమే నాశనమై పాయె. రేపు పుట్టే బిడ్డలకి నల్లి అంటే ఏందో మనమే చెప్పాల,” అంది.

ఆ ఏడు చలిజ్వరం కూడా దాదాపు రాలేదు. కానీ రాని జ్వరాన్ని ఎవరు గమనిస్తారు? చేటలో ఎత్తి చూపించడానికి అది కనిపించేది కాదు కదా. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అది నల్లుల మందు. అలాగే పిలిచేవాళ్ళు, అందుకే ఎదురుచూసేవాళ్ళు. రెండో ఏడూ అలాగే గడిచింది.

మూడో ఏడు మందు కొట్టి వెళ్ళిన వారానికే మంచాల్లో మళ్ళీ నల్లులు కనిపించాయి. మొదట అక్కడొకటి ఇక్కడొకటి, నెల తిరిగేసరికి మునుపటికంటే ఎక్కువ. మందులో నీళ్ళు కలుపుతున్నారని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. నాకప్పుడు పదేళ్ళు. మా బళ్ళో అయ్యవారు ఏదైనా సరే చేసి చూసి గాని నమ్మకూడదని చెప్పేవారు, నాకు ఆ మాట బాగా పట్టింది. తలుపు వెనక గోడ మీది తెల్లపొడిని కొబ్బరి చిప్ప ముక్కతో గీకి ఖాళీ అగ్గిపెట్టెలో పోసి, అందులో ఆరు నల్లుల్ని వేసి మూసి పెట్టాను. పొద్దున తెరిస్తే ఆరూ బతికే ఉన్నాయి, పొడి పూసుకుని పిండిలో పొర్లినట్టు తిరుగుతున్నాయి. నేను తెలివైనదాన్నని నాకు మొట్టమొదట అనిపించిన రోజు అదే. పరిగెత్తుకెళ్ళి అవ్వకు చూపించాను.

అదే ఏడు మందువాళ్ళు రెండో మారు వచ్చిన రోజున అవ్వ నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్ళి, అందరి ముందూ ఆ అగ్గిపెట్టె తెరిచి చూపించింది.

“ఏమప్పా, ఇది మందా, నల్లులకి పూసే పౌడరా? చూడు, ఎంత సోకుగా ఉండాయో! ఎంత నీళ్ళు కలిపినారు?”

ఆ వచ్చినవాళ్ళలో పెద్దాయన చేతులు జోడించినంత పని చేశాడు. “అవ్వా, మేము కొట్టేది దోమకి. నల్లి సంగతి మాకు తెలీదమ్మా.”

“దోమ చచ్చిందో లేదో యాడ చూసేది? నల్లి అయితే కండ్లకి కనపడతాది. నల్లి చావని మందుకి దోమ చస్తాదంట! పోప్పా పో, మా గోడలు ఊరికినే పాడు చేసేకి వచ్చినావు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బళ్ళో చదివే పిల్ల చేసి చూపించింది కాబట్టి ఇంకెవరికీ అనుమానం లేకపోయింది. మా వీధిలో ఒక్క ఇంటివాళ్ళూ డబ్బాను గడప దాటనివ్వలేదు, వీధిని చూసి ఊరూ రానివ్వలేదు. ఆ వారంలోనే అవ్వ ఎర్రమట్టీ పేడా కలిపి గోడలన్నీ అలికించి, పాత మందు తాలూకు తెలుపు కూడా కనపడకుండా చేసింది. ఇల్లు ఎంత బాగుందో అని అమ్మ మురిసిపోవడం నాకు గుర్తుంది.

వానలు వెనకబట్టాయి. తమ్ముడికి జ్వరం వచ్చింది.

మూడో రోజుకు వాడికి మూర్ఛలు వచ్చాయి. బండిలో రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. వాడికి ముందు పుట్టి పోయిన ఇద్దరిని తలుచుకుని, దేవుడి గదిలో దీపం పెట్టే ధైర్యం కూడా లేక అవ్వ గడపలో కూర్చుండిపోయింది. పది రోజుల తర్వాత వాడిని భుజాన వేసుకుని నాయన దిగినప్పుడు ఊరంతా వచ్చి చూసింది. నేను వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. వాడు తిరగలేదు. ఇన్ని రోజులు నేను చూడ్డానికి రాలేదని అలిగాడనుకున్నాం. అలక కాదని తెలియడానికి మాకు వారం పట్టింది.

మా ఊళ్ళో పిల్లలు మూడు భాషలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బెంగళూరు బండ్లవాళ్ళ దగ్గర కన్నడం, అన్నీ చెవిన పడి వస్తాయి. తమ్ముడు అయిదేళ్ళ దగ్గర ఆగిపోయాడు. వాడికి తెలిసినది ఇంటి తెలుగు ఒక్కటే, అందులోనూ ఆ వయసు వరకు విన్న మాటలే. ఆ తర్వాతివి నేను నేర్పాను. రోజూ బడి నుంచి రాగానే ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా పెదవులు కదిలించి, చూపించి, మళ్ళీ చెప్పించి. ఇప్పటికీ ఇంట్లో అందరికంటే నా పెదవులే వాడు సులువుగా చదువుతాడు. సంతలో టమాటాల బేరం తమిళంలో జరుగుతుంటే మాత్రం వాడు అందరి మొహాలూ చూస్తూ నిలబడతాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు బెంగళూరులో మేనత్త ఇంట్లో ఉండి కాలేజీలో చదువుతున్నప్పుడు, మా లెక్చరరమ్మ జీవపరిణామం చెబుతూ పురుగుల మందుల సంగతి ఎత్తారు. మందు పురుగులకు ఏమీ నేర్పదనీ, అవి దానికి అలవాటు పడవనీ అన్నారు. లక్షల్లో ఏ కొన్నిటికో పుట్టుకతోనే దాన్ని తట్టుకునే గుణం ఉంటుంది. మందు లేని రోజుల్లో ఆ గుణం దేనికీ పనికిరాదు. మందు వచ్చిన నాడు మిగతావన్నీ చచ్చి అవే మిగులుతాయి. ఇక ఇల్లంతా వాటిదే, తిండంతా వాటిదే, పుట్టే పిల్లలన్నీ వాటివే. జల్లెడలో నిలిచిన గింజలతోనే మళ్ళీ విత్తినట్టు. నేను రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయాను. చేటనిండా చచ్చినవాటిని చూసి వంశం నాశనమైందని సంబరపడ్డాం గానీ, మంచం కోళ్ళలో చావకుండా మిగిలినవాటి సంగతి మాకు తట్టలేదు.

క్లాసు అయిపోయాక ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగాను. నల్లులు చావని గోడ మీద దోమలు చస్తాయా అని. ఆవిడ గాజుపలకలు పెట్టెలో సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, ఎందుకు చావవు, అది వేరే జాతి, ఇది వేరే జాతి, దేని లెక్క దానిదే అన్నారు. మందులో నీళ్ళు లేవు. ఆ పెద్దాయన నిజమే చెప్పాడు. నా పరీక్షా తప్పు కాదు, ఆరు నల్లులూ నిజంగానే బతికాయి. అది ఏ ప్రశ్నకు జవాబో మాకు తెలియదు, అంతే. ఆ వేళకు అవ్వ పోయింది. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆదివారం గురుబరపల్లి నుంచి పిల్ల తల్లీ, మేనమామా వచ్చారు. తమ్ముడు తెల్లచొక్కా వేసుకుని ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. నేను చెప్పగలిగినంత చెప్పాను. పుట్టినప్పుడు బాగా వినేవాడు, బస్సు హారను అచ్చంగా కూసి చూపేవాడు, జ్వరంలో పోయింది గనక అది వాడితోనే ఆగిపోతుంది, బిడ్డలకు రాదు అని. పిల్ల తల్లి అంతా విని, తమలపాకు ఈనె తీస్తూ ఒక్క మాట అడిగింది.

“అంతా సరేనమ్మా. మా ఊర్లో మందు కొట్టినాక ఆ జొరమే లేదు. మీ ఊర్లో మాత్రం యాడ్నుంచి వచ్చె?”

అది నీళ్ళ మందేనని ఇప్పటికీ నమ్మే మా నాయన, దాన్ని రానివ్వకపోవడానికీ జ్వరానికీ ముడిపెట్టి ఎప్పుడూ చూడలేదు. అందుకే వాళ్ళు ఆయన్ని నమ్మలేదని అప్పుడు తెలిసింది. నేను, నా పెదవులే చూస్తున్న తమ్ముడి వైపు చూడకుండా, ఆ ఏడు రెండో మారు మా ఊరు మందు కొట్టనివ్వలేదనీ, దానికి కారణం నేననీ మొదలుపెట్టి, అగ్గిపెట్టె దగ్గర్నుంచి కాలేజీ దాకా అంతా చెప్పేశాను. చెబుతుండగా అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాయన పైగుడ్డతో మొహం తుడుచుకుని అలాగే పట్టుకున్నారు. పిల్ల తల్లి ఈనె తీసిన ఆకును పళ్ళెంలో పెట్టి, మేనమామ వైపు తిరిగింది.

“అబద్ధం చెప్పేవాళ్ళు ఇంత పొడుగు కత చెప్పరులేప్పా. తాంబూలాలకి దినం చూడండి.”

సంబంధం కుదిరింది. వాళ్ళు వెళ్ళిన తర్వాత అమ్మ అవ్వను తలుచుకుని ఏడ్చింది, తర్వాత పాయసానికి బెల్లం దంచింది. తమ్ముడు కొట్టంలోకి పోయి సాయంత్రం దాకా రాలేదు.

బస్సు దగ్గరికి నన్ను దిగబెట్టడానికి మాత్రం వాడే వచ్చాడు, పాపను భుజాన ఎత్తుకుని. సంచీ లోపల పెట్టాడు, పాపను నా చేతికిచ్చాడు. నేను కిటికీలోంచి వాడితో మాట్లాడబోయాను. ఏం చెప్పాలనుకున్నానో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. వాడు మొహం తిప్పుకుని రాయకోట కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. మాట వినడం ఇష్టం లేకపోతే మనం లేచి వెళ్ళిపోవాలి, వాడికి మొహం తిప్పుకుంటే చాలు. బస్సు కదిలేదాకా అలాగే ఉన్నాడు.

మా ఊళ్ళో ఇప్పుడు చలిజ్వరం మాట ఎత్తేవాళ్ళే లేరు, పిల్లలకు దాని పేరు కూడా తెలియదు. ఊరు ఎంతో మారిపోయిందని మా ఈడువాళ్ళం కలిసినప్పుడల్లా సంతోషంగా చెప్పుకుంటాం, అది నిజం కూడాను. కానీ ఒకప్పుడు పొద్దుగూకే వేళ నేను గడపలో నిలబడి ఒక్క కేక వేస్తే, వీధి చివర ఏ ఆటలో ఉన్నా వాడు కాళ్ళనిండా దుమ్ముతో పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు నేను ఏం చెప్పాలన్నా ముందు వాడు నా వైపు చూడాలి.