చేటదెబ్బకు తప్పెవరు కట్టాలి?

ఆ రోజుల్లో ఎండలు ఇంతలా ఉండేవి కావని అందరూ అంటుంటారు గానీ, నేను నమ్మను. జహీరాబాద్‌లో వేసవి సెలవులన్నీ చెప్పుల్లేకుండా వీధుల్లో తిరిగినదాన్ని, నా అరికాళ్ళకు తెలుసు. అప్పుడు తక్కువగా ఉన్నది ఎండ కాదు, మాకు బుద్ధి. లేకపోతే ఒక ప్లాస్టిక్ పళ్ళెం కోసం ఇంటిల్లిపాదీ వాకిట్లో పంచాయితీ పెట్టుకుని, పొయ్యి మీద అన్నం మాడబెట్టుకుంటామా? (మాడింది మా అమ్మ వండిన అన్నం. ఆ సంగతి ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు, మమ్మల్ని మరిచిపోనివ్వదు.)

ఆ పళ్ళెం తెచ్చినవాడు మా మేనమామ. బొంబాయి దారిలో లారీ నడిపేవాడు. ఎనభైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు, ఎర్రగా నిగనిగలాడే ఆ పళ్ళేన్ని నా చేతిలో పెట్టి, విసిరి చూడమన్నాడు. విసిరితే అది గాలిలో తేలుకుంటూ పోయి ఎదురింటి గోడ దాటింది. అన్నం తినే తలెలాగే ఉందని మేం దాన్ని తలె అనే పిలిచేవాళ్ళం. దానికో ఆట కనిపెట్టింది మా పెద్దనాన్న కొడుకు. ఇంటర్ రెండుసార్లు తప్పినా వాదనలో ఎన్నడూ ఓడనివాడు కాబట్టి అతన్ని అందరం వకీలన్న అనేవాళ్ళం. వీధి చివర బోరింగ్ దగ్గర మొదలుపెట్టి, తలె పడినచోటి నుంచే మళ్ళీ విసురుకుంటూ వచ్చి, మా వాకిట్లో గోడకు ఆనించిన గంపలో వేయాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళు గెలిచినట్టు. దారిలో బర్రెకో సైకిలుకో మనిషికో పొరపాటున తగిలితే ఫికర్ లేదు, ఆట సాగుతుంది. కానీ విసిరినవాళ్ళ ఇంటి మనిషి కావాలని దాన్ని తాకితే మాత్రం ఆ విసురు చెల్లదు, పైగా శిక్షగా లెక్కలో ఇంకొకటి కలుపుతారు. ఎదురింటి బక్కోడు వాళ్ళ తమ్ముణ్ణి గంప దగ్గర నిలబెట్టి తలెను లోపలికి తోయిస్తున్నాడని తెలిశాక పెట్టిన రూలు ఇది.

ఇట్లా ఉండగా చిరాగ్‌పల్లి పిల్లలు మమ్మల్ని ఆటకు రమ్మన్నారు. పోవాల్సింది ఇద్దరు. ఒకడు వకీలన్న, అందులో వాదన లేదు. రెండోవాళ్ళు నేనా, బక్కోడా అన్నదే తేలాలి. నేను పోతానని ఇంట్లో అనగానే మా బాపమ్మ, అంటే నాన్నను కన్నతల్లి, అడ్డం పడింది. పదో తరగతికి వచ్చిన పిల్ల పక్క ఊళ్ళో మగపిల్లలతో ఎగరడమేమిటని ఆమె బాధ. నాన్న పేపరు వెనక్కి పోయాడు, ఇంట్లో గొడవ లేచినప్పుడు ఆయన ఉండే చోటే అది. నేను అన్నం మానేసి పడుకున్నాను. (మానేసింది అన్నమే. దిండు కింద జొన్నరొట్టె ఉంది.) చివరికి బాపమ్మే ఒక మాట చెప్పింది: "బక్కోని మీద గెలిస్తె పో. ఓడితె మల్ల గా తలె ముట్టొద్దు." నేను గెలవనని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది.

మర్నాడు పొద్దున ఆట చివరికొచ్చేసరికి నాకు ఒక్క విసురు మిగిలింది. గంపలో పడితే నాకు చిరాగ్‌పల్లి దొరుకుతుంది, పడకపోతే తలె కూడా పోతుంది. వాకిట్లో ఒక పక్క మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి పక్కనే బాపమ్మ పీట మీద కూర్చుని చేటతో కందిపప్పు చెరుగుతోంది. నా చెయ్యి చెమటకు జారింది. తలె గంపను వదిలేసి నేరుగా మిరపకాయల మీదికి దిగసాగింది. బాపమ్మ చేట లేచింది. ఠప్పుమని తగిలి తలె పైకి ఎగిరి, ఒక పల్టీ కొట్టి, బుద్ధిగా వచ్చి గంపలో పడింది.

నేను గెలిచానని ఎగిరాను. శిక్ష వేయాలని బక్కోడు ఎగిరాడు. ముసలమ్మ కావాలనే కొట్టిందని వాడు, చెరిగేటప్పుడు చేట లేవకుండా ఉంటుందా, తలే వచ్చి దానికి తగిలిందని నేను. వకీలన్న మంచం మీద కూర్చుని మమ్మల్నందరినీ నిలబడమన్నాడు. చెరిగితే చేట ఎంత ఎత్తు లేస్తుందో తేల్చాలని తనే చెరిగి చూసి, పప్పంతా నేలపాలు చేశాడు. మా అమ్మ గరిటెతో బయటికొచ్చి, పప్పు సంగతి మరిచి నా పక్షాన వాదనకు దిగింది. (అన్నం మాడింది ఇప్పుడే.) నాన్న కూడా పేపరు దించి, మనసులో ఏముందో చేటను చూసి ఎట్లా చెప్తారన్నాడు. అది నిజమే. మనసులో ఏముందో చెప్పగలిగింది ఒక్క బాపమ్మే.

కావాలనే కొట్టానని ఆమె ఒక్క మాటంటే చాలు, ఆమె కోరుకున్నట్టే నేను ఇంట్లో కూర్చుంటాను. "బాపమ్మా, జర సోంచాయించి చెప్పు," అన్నాడు వకీలన్న. "నువ్వు కొట్టినవా, దానంతట అదే తాకిందా?"

"నేనే కొట్టిన," అంది బాపమ్మ. "నా మిర్పకాయలల్ల పడుతుంటె సూస్కుంట కూసుంటనా?"

అంతే, బక్కోడు గంతులు మొదలుపెట్టాడు. నన్ను పోనివ్వకూడదనే కొట్టావని బాపమ్మ మీద అరిచి, అక్కడే మిరపకాయల మీద కూలబడి, ఆ చేతులతోనే కళ్ళు నలుపుకున్నాను. అప్పటిదాకా ఏడ్చింది కోపంతో, ఆ తర్వాతది మాత్రం అసలైన ఏడుపు. బాపమ్మ నన్ను జబ్బ పట్టుకుని లేపి, తొట్టి దగ్గర కళ్ళు కడుగుతూ, తాను కొడితే నాకెందుకు శిక్ష పడిందని వకీలన్నను అడిగింది. అతను రూలు చెప్పాడు. విన్నకొద్దీ ఆమె ముఖం గంటు పెట్టుకుంది.

"గిదేం ఇన్సాఫ్‌రా?" అంది. "కొట్టింది నేను. తప్పు నాది. మా తల్లిగారింట్ల ఎవలు తప్పు జేస్తె ఆల్లే కట్టుకుంటరు. పిల్ల మీద ఎయ్యరు."

ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ దిక్కు పల్లె. అక్కడ చిన్న చిన్న తగాదాల్లో తప్పు చేసినవాళ్ళు నలుగురికీ బెల్లం పెడతారట. పెడితే తప్పు కట్టినట్టు. ఆ బెల్లం తిన్నవాళ్ళు ఒప్పుకున్నట్టు, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఇదంతా ఆమె మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది (బక్కోడికి). ఆమె మాత్రం ఏమీ చెప్పకుండా లోపలికి పోయి, కొంగులో బెల్లం, పుట్నాలు తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినని బక్కోడు గుప్పెడూ నోట్లో పోసుకున్నాడు. అప్పుడు చెప్పింది ఆచారం. వాడు మింగలేక, ఉమ్మలేక, బుగ్గలు నింపుకుని వకీలన్న వైపు చూశాడు. వకీలన్న నోట్లోనూ బెల్లమే ఉంది.

"తప్పు కట్టిన. ఇగ పిల్ల ఏసింది ఏసినట్టే," అని బాపమ్మ నేల మీది పప్పు ఎత్తుకోవడానికి పోయింది.

చూసుకోలేదు బిడ్డా అని ఒక్క మాటంటే మొదట్లోనే నేను గెలిచేదాన్ని. ఆ మాట ఆమెకు తోచలేదని కాదు. నా కోసం అబద్ధమాడదు, తన తప్పు నా మీద పడనిచ్చి గెలవనూ గెలవదు, అందుకే తప్పు కట్టి తన పందెం తానే ఓడిపోయింది. ఆనాడు నాకు ఇదేమీ అర్థం కాలేదు. గెలిచాను, అంతే చాలనుకున్నాను.

చిరాగ్‌పల్లికి బస్సులో మాతో పాటు బాపమ్మ కూడా వచ్చింది, కాపలాకట. ఆట మొదలయ్యే ముందు గొడుగు కింద కూర్చుని, రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఈగ ముఖం మీద వాలినా ఆ చేతులు బయటికి తీయలేదు. మేం చిత్తుగా ఓడిపోయాం. నా ఆఖరి విసురుకు తలె చెరుకుతోటలోకి పోయి, ఎంత వెతికినా దొరకలేదు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంటే, బాపమ్మ మెల్లగా అంది: "గాలి అటు దిక్కు కొట్టింది బిడ్డా. లేకుంటె పడేదే."

ఇప్పుడు నాకు ఆమె వయసు దగ్గరపడుతోంది. సాయంత్రాలు మనవరాలితో క్యారమ్స్ ఆడతాను. అప్పుడప్పుడు నా మోచెయ్యి తగిలి కాయ కొంచెం కదులుతుంది, ఎప్పుడూ నాకు కావాల్సిన దిక్కుకే. చూసుకోలేదే తల్లీ అంటాను. పిచ్చిది, నమ్మేస్తుంది. బాపమ్మ ఉంటే నమ్మేది కాదు.