ప్లీడరమ్మ ఖాళీగా ఉంచిన చోటు

మొన్న మనవరాలి కాగితాల మీద సాక్షి సంతకం పెట్టడానికి గుంటూరు కోర్టుకి వెళ్ళాను. గేటు పక్కన గుడ్డ తెర కట్టిన చిన్న గది, లోపల ఓ ఆడ కానిస్టేబులు. "చేతులు పక్కకి చాపండి మామ్మగారూ" అంది. తగిలీ తగలనట్టు నా నడుము చుట్టూ తడిమి చూసింది. పాపం, ఆ పిల్లలో అమర్యాదేమీ లేదు, నవ్వుతూనే ఉంది. అయినా నా ఒళ్ళు కొయ్యబారిపోయింది. రోడ్డు మీద మిరపకాయ బస్తాల లారీ పోతుంటే అందరూ తుమ్ముతున్నారు, నా ముక్కుకి మాత్రం పొగాకు ఘాటు తగిలింది. దగ్గరలో ఎక్కడా పొగాకు లేదు. అది అరవై ఏళ్ళ కిందటి ఘాటు. దాని వెనకే శకుంతలమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసుండరు. ఏ వీధికీ ఆవిడ పేరు పెట్టలేదు. ఆ రోజుల్లో గుంటూరు కోర్టులో నల్లకోటు వేసుకుని నిలబడే ఆడమనిషి ఆవిడే. పొగాకు గోడౌను ఆడవాళ్ళు 'ప్లీడరమ్మ' అనేవారు. మగ ప్లీడర్లు మాత్రం "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని ఆవిడకి వినబడేటట్టే అనుకునేవారు. అరండల్‌పేటలో ముందు గది ఆఫీసు, వెనక గది ఇల్లు. నేను ఫిఫ్త్ ఫారం దాకా చదివి, నాన్న పోయాక రెండేళ్ళు ఊరి బయట గోడౌనులో ఆకు వేరుచేసే పని చేశాను. ఒకసారి కూలీల తరఫున అర్జీ రాసి ఆవిడ దగ్గరికి తీసుకెళితే, అర్జీ మాట వదిలేసి నా దస్తూరీ చూశారు. "రేపట్నుంచి ఇక్కడికి రా" అన్నారు. అంతే, ఆకు వదిలి కాగితం పట్టాను.

ఆవిడ బల్ల మీద ఎప్పుడూ ఒక పల్చటి పుస్తకం ఉండేది. పెద్ద యుద్ధం అయ్యాక దేశాలన్నీ సభ చేసి ఒప్పుకున్న మానవ హక్కుల ప్రకటన. నాకు అర్థం చెబుతూ తెలుగులో రాయించేవారు. మనిషి మర్యాద తీసేటట్టు ఎవరినీ చూడకూడదన్న చోట నేను 'గౌరవభంగము' అని రాశాను. కొట్టేశారు. "కోటమ్మకి అర్థమయ్యేటట్టు రాయి" అన్నారు. ఆవిడ చదువంతటికీ కొలబద్ద కోటమ్మే.

కోటమ్మ ఎవరంటే, గోడౌనులో నా ముందు వరసలో పనిచేసిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సాయంత్రం పని దిగేటప్పుడు గేటు దగ్గర ఆకు దొంగతనం జరగకుండా వెతికేవారు. మగవాళ్ళు తువ్వాలు దులిపి చూపిస్తే చాలు. ఆడవాళ్ళని మాత్రం కాపలావాడు నిలబెట్టి పైట కింద, బొడ్లో, కుచ్చిళ్ళలో తడిమేవాడు. దాని గురించి ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు. తమలో తాము కూడా మాట్లాడుకునేవారు కాదు. వరసలో నిలబడి, తన వంతు అయిపోగానే తల వంచుకుని నడిచిపోవడమే. కోటమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు వాడు "ఈ ఎత్తు బిడ్డదా, ఆకుదా?" అంటూ పొట్ట మీద చెయ్యి వేశాడు. అందరిముందూ చెంప పగలగొట్టింది. గోడౌను వాళ్ళు ఆకు దొంగిలించిందనీ, కాపలావాడిని కొట్టిందనీ కేసు పెట్టారు.

శకుంతలమ్మగారు ఆ పుస్తకం పట్టుకుని కోర్టులో నిలబడ్డారు. మన దేశం నలుగురిలో ఒప్పుకున్న మాట ఇది, మన రాజ్యాంగమూ ఆడామగా సమానమనే అంటోంది, మగవాడికి తువ్వాలూ ఆడదానికి ఒళ్ళూ వెతకడం ఏ న్యాయం, అలాంటి చెయ్యిని తోసెయ్యడం నేరం ఎలా అవుతుంది అని వాదించారు. మేజిస్ట్రేటు చెడ్డవాడేం కాదు. ఓపిగ్గా విన్నాడు. "అమ్మా, ఆ కాగితం ఈ కోర్టులో చెల్లదు. రోజూ అలాగే వెతుకుతారనడానికి సాక్షి ఉంటే చెప్పించండి" అన్నాడు.

వస్తామన్న ఆడవాళ్ళని మేస్త్రీ పని మాన్పిస్తానని బెదిరించి ఆపేశాడు. గోడౌనుతో తెగతెంపులైనదాన్ని నేనొక్కదాన్నే. ఆవిడ నన్ను పిలిచారు. బోను ఎక్కి చూద్దును కదా, వెనక బల్ల మీద నాకు కాబోయే మామగారు కూర్చుని ఉన్నారు. అప్పటికి తాంబూలాలు పుచ్చుకుని పది రోజులు.

"నువ్వు అక్కడ రెండేళ్ళు పనిచేశావు. గేటు దగ్గర నిన్నెలా వెతికేవారో చెప్పమ్మా" అన్నారు ఆవిడ.

"నన్ను వెతకలేదండీ. పైట దులిపి చూపిస్తే పంపేసేవారు."

ఆవిడ పుస్తకం మూశారు. కోటమ్మ మాత్రం ఊరుకోలేదు. "అదేందే రత్నం! రోజూ నా ఎనకే గదంటే నిలబడేదానివి!" అని అరిచింది. బంట్రోతు కసిరాడు. నేను నేల చూస్తూ బోను దిగాను. నేను అబద్ధం ఆడానని అక్కడ మా ముగ్గురు ఆడవాళ్ళకీ తెలుసు, అందులో మొదటిదాన్ని నేనే.

కోటమ్మకి రెండు నెలల జైలు పడింది. ఏడో నెలలో అక్కడే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. బయటికొచ్చాక ఏ గోడౌనూ పనిలో పెట్టుకోలేదు. దాచేపల్లి వైపు రాళ్ళు కొట్టే పనికి పోయిందని విన్నాను. మళ్ళీ ఆ మనిషిని నేను చూడలేదు, చూసే మొహం కూడా నాకు లేదు.

సాక్ష్యం చెప్పిన మర్నాడు పని మానేస్తానని చెప్పడానికి వెళ్ళాను. శకుంతలమ్మగారు నన్ను తిడితే బాగుండేది. "కూర్చో. కోటమ్మని అడక్కుండా వాడు చెయ్యి వేశాడు. నీకిష్టమేనా అని అడక్కుండా నేను నిన్ను బోనెక్కించాను. తప్పులో నాకూ వాటా ఉంది" అన్నారు. మానేస్తానని చెప్పకుండానే వెళ్ళి టైపు మిషను ముందు కూర్చున్నాను.

కోటమ్మ బిడ్డ సంగతి తెలిశాక, రాని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మేస్త్రీకి తెలిస్తే కూడు పోతుందని తెలిసే వచ్చారు. ఆవిడ దేశాల సభకి ఉత్తరం రాశారు, నేను టైపు చేశాను. అడుగున ఏడు వేలిముద్రలు పడ్డాయి. ఎనిమిదో అంకె వేయించి, దాని ఎదురుగా ఏమీ రాయించలేదు. "ఇది ఎవరికండీ?" అన్నాను. "ఎప్పుడైనా పెట్టొచ్చు. తొందరేం లేదు" అన్నారు. చదువురానివాళ్ళు ఏడుగురు వేలు ముంచారు. చదువుకున్నదాన్ని నేను సిరాబుడ్డికి మూత పెట్టాను.

చాలా నెలలకి జవాబొచ్చింది. ఉత్తరం అందింది, కానీ ఇలాంటి ఫిర్యాదుల మీద చర్య తీసుకునే అధికారం తమకి లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయిందని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఆ జవాబుని ఫైలులో పెట్టి, "అందిందన్నారుగా, మళ్ళీ రాద్దాం" అన్నారు. ప్రతి ఏడూ రాశారు. ప్రతి ఏడూ నేనే టైపు చేశాను, ఎనిమిదో చోటు వదిలి. గోడౌను గేటు దగ్గర వెతకడం మాత్రం ఆవిడ ఉండగా ఆగలేదు.

నా పెళ్ళికి మంగళగిరి చీర పెట్టారు. మా ఆయన మంచివాడే. మామగారూ మంచివారే. ఆ మంచితనం కోసం నేనేం చెల్లించానో వాళ్ళకి తెలియదు. శకుంతలమ్మగారు పోయాక ఆ ఫైలు నా దగ్గరికి చేరింది. సంతకం పెడదామని ఎన్నిసార్లు తీశానో. తీసుకునేవాళ్ళు లేని కాగితం మీద సంతకం ఎవరికి పనికొస్తుందని మళ్ళీ మూసేశాను. మొన్న తెర వెనక నుంచి బయటికొచ్చాక లోపలికి పోకుండా కోర్టు అరుగు మీద కూర్చుండిపోయాను. మనవరాలు కంగారుపడి "ఏమైంది అమ్మమ్మా?" అంది. ఏం లేదన్నాను. మళ్ళీ అదే అబద్ధం.

అందుకని ఇప్పుడు చెబుతున్నాను. ప్లీడరమ్మగారూ, మీరడిగినదానికి జవాబు ఇది. గేటు దగ్గర రెండేళ్ళూ నన్నూ వెతికారండీ. కోటమ్మ వెనకే నిలబడేదాన్ని. ఆవిడ తర్వాత వంతు నాదే.