మందుల బండి వేళ

మా ఊరికి నెలకోసారి డాక్టరుతో ప్రభుత్వ మందుల బండి వచ్చేది. పొద్దున్న పదింటికి వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వెళ్లిపోయేది. ఆ వేళకి మా సముద్రపొడ్డు ఇళ్లలో ఆడమనిషి కనబడితే ఒట్టు. తెల్లారి పడవలు ఒడ్డుకి రాగానే వేలంలో చేపలు పాడుకుని, గంపలతో ఆటో ఎక్కి, అరసవల్లి వీధుల్లో తిరిగి అమ్ముకుని మావాళ్లు ఇల్లు చేరేసరికి మూడు దాటేది.

మా మేనత్త అలాగే ఒకనాడు నెత్తిన గంపతో అరసవల్లిలో కూలబడిపోయింది. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. బీపీ ఎప్పట్నించి ఉందో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు గనక.

కొన్నాళ్లకి మా అమ్మకీ తల తిరగడం మొదలైంది. నాకు భయంతో నిద్ర పట్టేది కాదు. డిగ్రీ చదివిన పొగరుతో ఆవిడ మీదే అరిచాను.

"ఒక్కపూట మానేసి సూపించుకోలేవా?"

"మానేస్తే నా వాడుక ఇళ్లోళ్లు ఇంకో గంపని పిలుస్తారు. మల్లీ నా కాడికొస్తారేటే?" అంది.

బండి వేళ మార్చమని అర్జీ రాశాను. మండల ఆఫీసులో అధికారి అది చదివి, "మీ ఆడవాళ్లకి అవగాహన లేదమ్మా, సదస్సు పెడతాం" అన్నాడు. పెట్టారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అదీ పొద్దున్న పదింటికే! ఖాళీ కుర్చీలకి ఉపన్యాసం చెప్పి, టీలు తాగి వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ మాత్రం నవ్వింది. ఆ పై నెల బండి వచ్చిన రోజున ఆడవాళ్లంతా బేరాలు సగంలో ఆపేసి, ఒంటిగంట కాకముందే ఊరి మొగలో ఆటోలు దిగారు. గంపలన్నీ రోడ్డుకి అడ్డంగా పెట్టారు. వెళ్లిపోతున్న బండి ఆగింది. మిగిలిన చేపల వాసనకి ముక్కు మూసుకుంటూ కుర్ర డాక్టరు దిగాడు.

అమ్మ చెయ్యి చాపింది. "ముందు సూడండి బాబూ, తర్వాత తిట్టండి."

చూశాడు. నమ్మలేక ఇంకోసారి చూశాడు. "ఇంత బీపీ పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?"

"సేపలమ్ముతున్నాం. మూడు దాటాక రోజూ ఊళ్లోనే ఉంటాం. మీరే రాలేదు."

ఆ రోజు అందరికీ పరీక్ష అయ్యేదాకా ఒక్క గంప కూడా కదల్లేదు.

మరుసటి నెల నుంచి బండి నాలుగింటికి రావడం మొదలైంది. మొదటి సాయంత్రం ఆ అధికారి కూడా వచ్చాడు. చదువుకున్నదాన్ని గదా అని, ఊరి తరఫున కృతజ్ఞతలు చెప్పమని మైకు నాకిచ్చారు. లేచి నిలబడ్డాను. "ఈ బండి ఏడాది ముందు ఈ వేళకి వచ్చుంటే, మా మేనత్త ఇవాళ తన చేత్తో అన్నం కలుపుకునేది" అని కూర్చున్నాను.

కృతజ్ఞతలు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను.