మోత ఆగాలని మొక్కుకున్నాను

మోతన్న ఇక డ్రమ్ములు వాయించడన్న కబురు మొదట నాకు తెచ్చింది, మా ఇంటికి పట్టు కండెలు చుట్టడానికి వచ్చే పెద్దమ్మ. బుట్ట గుమ్మంలో దించి, "మీ అన్న జతగాడికి గుండెలో ఏందో చెడిపోయిండాదంట పాపా. బెంగళూరు డాక్టరు ఇంగ డ్రమ్ముల జోలికి పోవద్దన్యాడంట. ఇంగ మీ ఇంట్లో మోత ఉండదులే" అంది, సంతోషంగానే. (ఆమెను తప్పుపట్టలేను. ఆ మోతకు రెండేళ్లుగా ఆమెకు తలనొప్పి.) దీపం కుందె తుడుస్తున్న నా చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే మోత ఆగిపోవాలని నేను అమ్మవారికి మొక్కుకుని అప్పటికి మూడు వారాలు.

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, ఆరేడేళ్ల కిందటి మాట) దేవతతో మాట్లాడటం ఎదురింటి అత్తతో మాట్లాడినంత సులువనుకునేదాన్ని. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉండటం వల్ల నన్ను బడికి పంపలేదు. ధర్మవరంలో మా మగ్గం పక్కనే పలక పెట్టి నాయన అక్షరాలు నేర్పాడు, అవ్వ దేవుళ్లను నేర్పింది. ఇద్దరికీ నా నమస్కారం, ఆ రెండూ నన్ను ఇప్పటికీ కాపాడుతున్నాయి. మా అన్న ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ గిటారు వాయించేవాడు. హిందూపురం నుంచి ఒక గాయకుడు వచ్చేవాడు. సగం తెలుగు, సగం కన్నడం పాడతాడని మేమతన్ని సగంసగం అనేవాళ్లం. మూడో మనిషి డ్రమ్ముల మోతన్న. ఆ పేరు మా అవ్వ పెట్టింది. ముగ్గురూ కలిసి రాక్ బ్యాండు. ఆదివారమొస్తే మగ్గం గోడకు అవతలి గదిలో సాధన. మోతన్న కట్టె ఎత్తితే గోడమీది బల్లి కింద పడేది. ఇవతల నాయన పోగులు తెగేవి. "ఏమబ్బా, డ్రమ్ము మీద ఏమన్నా పగుండాదా నీకు?" అని అవ్వ అడిగితే, "పగ కాదవ్వా, ప్రేమ" అనేవాడు. "పెండ్లికి ముందే ఇట్లుంటే పెండ్లాం గతేం గాను" అనేది అవ్వ.

ఒక ఆదివారం, పెళ్లి చీర అంచు దగ్గర ఒకేసారి ఏడు పోగులు తెగాయి.  నాయన కళ్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఒక్కొక్క పోగూ ముడివేయసాగాడు. ఆ ఓపిక చూసి నాకు కోపమొచ్చింది. దేవుడి గూటి ముందు నిలబడి, పెనుకొండ దగ్గర అవ్వ పుట్టినూరి అమ్మవారికి మొక్కుకున్నాను. "తల్లీ, ఈ మోత ఆగిపోతే నీ గుడి ముందర ఉరుములు వాయింపించి చీర పెడతాను." ఉరుము అంటే మా సీమ వాయిద్యం. రెండు వైపులా తోలు ఉంటుంది. ఒకవైపు పుల్లతో కొడతారు, ఇంకోవైపు వంకర పుల్లతో రుద్దుతారు. రుద్దితే దూరాన మబ్బు మూలిగినట్టుంటుంది. అమ్మవారి మొక్కు తీరితే దాన్ని వాయించడం మా వైపు ఆనవాయితీ. వాయిద్యం ఆపినందుకు వాయిద్యమే బహుమానంగా ఇస్తానంటున్నానని నాకు తట్టనే లేదు. అవ్వకూ తట్టలేదు. "మంచి మొక్కు" అంది.

పెద్దమ్మ కబురు తెచ్చిన రోజు అవ్వకు ఏడుస్తూ చెప్పాను. ఆమె వక్కాకు బుగ్గన పెట్టుకుంది. "అడిగినావు, ఇచ్చినాది. చెల్లించకపోతే ఆ పిల్లోనికి ఇంగేమయితాదో" అంది. చెల్లిస్తే అతని జబ్బుకు కృతజ్ఞతలు చెప్పినట్టు, చెల్లించకపోతే అతని మీదికి అమ్మవారి కోపం తెచ్చినట్టు. మరుసటి రోజే బస్సెక్కి ఆ గుడి పూజారి దగ్గరికి వెళ్లాను.

"స్వామీ, మొక్కు వెనక్కి తీసుకోవచ్చునా?"

"తీరిందా, తీరలేదా?"

"తీరింది."

"తీరినాక వెనక్కి తీసుకునేదేముంది పాపా? కట్టుకున్న చీర అంగట్లో వాపసిస్తే తీసుకుంటారా?" మగ్గం వాళ్ల పిల్లనని తెలిసే ఆ పోలిక తెచ్చాడు. "కావాలంటే కొత్త మొక్కు మొక్కుకో. ముందు పాతది చెల్లించు. ఉరుముల తాత గుట్ట కింద ఉంటాడు. మొక్కినోళ్లే పోయి తాంబూలమిచ్చి పిలవాల."

తాంబూలం పట్టుకుని గుట్ట కిందికి వెళ్లాను. రేకుల ఇంటి ముందు తాత కూర్చుని ఉన్నాడు. ఆయన వెనకాల మంచం మీద, చొక్కా గుండీలు విప్పుకుని, మోతన్న. అతను ఉరుములవాళ్ల బిడ్డ అని మాలో ఎవరికీ తెలియదు. బళ్లో పిల్లలు ఎగతాళి చేస్తే, తాత ఏం చేస్తాడని అడిగినవాళ్లకు సేద్యమని చెప్పడం అప్పుడే మొదలుపెట్టాడట. నన్ను చూసి అతనూ, అతన్ని చూసి నేనూ తలలు దించుకున్నాం.

"ఎవరి మొక్కు పాపా?" అన్నాడు తాత.

"నాదే తాతా."

"ఏమి తీరిండాది?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. చేతిలో తాంబూలం ఉంది, అబద్ధం రాలేదు. "మోత ఆగింది తాతా. ఆయన డ్రమ్ముల మోత."

మోతన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. తాత లేచి వీపు నిమిరాడు. (ఆయాసమంటే ఏమిటో నాకన్నా ఎవరికి తెలుసు. భూమి చీలితే బాగుండుననిపించింది.) ఊపిరి అందాక మోతన్న, "నేను డాక్టరు ఆపించినాడు అనుకుంటాండా. నీ పనా పాపా ఇది?" అన్నాడు.

"మోత ఆగినాదని మోత మోగించాల్నా? మీ మగ్గమోళ్ల తెలివికి దండం పెట్టల్ల" అన్నాడు తాత. తాంబూలం మాత్రం కళ్లకద్దుకుని తీసుకున్నాడు. తీసుకున్న తాంబూలం ఆయన వంశంలో ఎవరూ వెనక్కి ఇవ్వలేదట.

మంచం మీది నుంచి మోతన్న అన్నాడు, "తాతా, ఆ పొద్దు నేను కూడా వస్తా."

"నిన్ను కొట్టొద్దన్యాడు కదరా డాక్టరు."

"కొట్టొద్దన్యాడు. రుద్దొద్దనలేదు."

మంగళవారం పొద్దున గుడి ముందు చేరాం. మోతన్న పిలిస్తే అన్న గిటారుతో వచ్చాడు. హిందూపురం నుంచి సగంసగం కూడా వచ్చాడు, ముఖం మాడ్చుకుని. "రాక్ బ్యాండప్పా మనది, జాతర మేళం కాదు" అని గొణుగుతూనే ఉన్నాడు. మోతన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఉరుమును ఇద్దరి మధ్యా పెట్టుకుని ఒకవైపు తాత కొట్టాడు, రెండోవైపు మోతన్న రుద్దాడు. నేను చీర సమర్పించి, కళ్లు మూసుకుని కొత్త మొక్కు మొక్కుకున్నాను. "తల్లీ, తెలియక అడిగాను. ఆ మోత మళ్లీ మోగనివ్వు." సరిగ్గా అప్పుడే మోతన్న పుల్ల తోలు మీద గట్టిగా మూలిగింది. అమ్మవారు పలికిందనుకున్నాను. అన్న మెల్లగా ఆ మూలుగుకు శ్రుతి కలిపాడు. పూజారి చూపుకు భయపడి సగంసగం జీవితంలో మొదటిసారి అరవకుండా పాడాడు. అన్న ఫోనులో అది రికార్డయింది.

దాన్నే కాస్త శుభ్రం చేసి బయటికి వదిలారు. ఒక్కటే పాట, వాళ్ల భాషలో సింగిల్. అంతకుముందు వాళ్ల పాటలకు గంతులేసిన హిందూపురం కాలేజీ పిల్లలు "ఏమప్పా, స్పీకరు చెడిపోయిండాదా?" అని రాశారు. "ముసలోళ్లయిపోయినారు" అని ఒకడు, "దయ్యం కడుపునొప్పితో మూలిగినట్లుండాది" అని ఇంకొకడు. మోతన్న అవన్నీ మాకు ఫోన్‌లో చదివి వినిపించి నవ్వేవాడు. ఆ పాట కింద వాయించినవాళ్ల వివరాల్లో 'మా తాత, నేను' అని తానే రాశాడు. నాయన మగ్గం ఆపి మొత్తం విన్నాడు. అవ్వ మాత్రం, "మునుపటి పాటలకు తలుపు మూసుకుంటాంటిని. దీనికి తెరిచిపెట్టినా" అంది. నాకు గర్వంగా ఉండేది. ఇంత త్వరగా పలికే దేవత ఎవరికుంది అనుకునేదాన్ని.

ఆ తర్వాత గుండె ఆపరేషనుకని బెంగళూరు వెళ్లిన మోతన్న, వెళ్లిన నాలుగో రోజున పోయాడు.

దినాలయ్యాక, అన్న ఫోనులో ఆ పాట మళ్లీ మోగుతుంటే అర్థమయింది. మోతను తిరిగి ఇమ్మన్నాను, ఇచ్చింది. మనిషిని ఉంచమని అడగడం మరిచిపోయాను. ఇన్నేళ్ల భక్తిలో నాకు అడగడం కూడా చేతకాలేదు. ఆ బరువు మోయలేక గుట్ట కిందికి పోయి తాత కాళ్ల దగ్గర కూర్చుని చెప్పుకున్నాను.

 "పాపా, నువ్వు ఒగసారి మొక్కుకుంటివి. నేను అరవై ఏండ్లు వాయిస్తి. మాటకు మనిషిని తీసుకపోయే అమ్మయితే, వాయింపుకు మనిషిని ఇడిసిపెట్టదా?" అన్నాడు తాత. నన్ను లేపి, "నీ మాట ఇనలేదులే. నాదీ ఇనలేదు. ఇంటికి పో, మీ నాయన ఎదురు చూస్తాంటాడు" అన్నాడు. ఆ మాటతో నా నేరం పోయింది, నా ధీమా కూడా పోయింది.

ఇప్పుడూ రోజూ దీపం పెడతాను. దేనికైనా మొక్కుకోవలసివస్తే ఆనాటి పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఏమీ అడగకుండా, ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, వీళ్లున్నందుకు దండాలు తల్లీ అని మాత్రం అంటాను. లేనివాళ్లలో ఒక పేరు ప్రతిరోజూ వస్తుంది. మీరు ఆ పాట విని ఉండరు, వినకపోయినా ఫరవాలేదు. మీరు దండం పెట్టుకునేటప్పుడు మా మోతన్నను ఒక్కసారి తలుచుకోండి.