వాటంతటవే అయిపోయే పనులు

మా ఫ్యాక్టరీలో ఏ పనీ ఎవరూ చెయ్యరు. అన్నీ వాటంతటవే అయిపోతాయి. మోటారు కాలిపోతే అదే బాగైపోతుంది, బెల్టు తెగితే అదే అతుక్కుంటుంది. నమ్మకపోతే మా కుర్ర ఇంజనీర్లను అడగండి. "అయిపోనాదండి" అంటారు. ఎవరు చేశారయ్యా అంటే తల గోక్కుంటారు.

రాజాం పొలిమేరలో ఉంది మా ఫ్యాక్టరీ. ఉక్కులో కలిపే లోహాన్ని ఫర్నేసులో కరిగించి పోస్తాం. యంత్రాల మరమ్మతు విభాగం నాది. ఏటా ఒకసారి కొత్త ఇంజనీర్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ముందుముందు ఏం కావాలనుకుంటున్నారో అడిగి, అందుకు దారి చూపించడం కూడా నా పనే. నాకు ఓపిక తక్కువ. మాది విజయనగరంలో సంగీతం చెప్పే ఇల్లు. అపస్వరం వినపడితే మా నాన్న తొడ మీద ఒక్కటి చరిచేవారు. ఆయన చెయ్యి నాకు రాలేదు గానీ నోరు మాత్రం వచ్చింది. "మీరు ఏటి సెప్తే అదే మేడమ్" అని ఎవరైనా అన్నారా, నేనేమైనా జాతకాలు చెప్పేదాన్నా అని విరుచుకుపడతాను.

సాలూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం అలా అనలేదు. నేల చూపులు చూస్తూనే తనకు షిఫ్టు కావాలంది. అంటే షిఫ్టు ఇన్‌ఛార్జి పని. ఆ పూటంతా ఫర్నేసూ, దాని చుట్టూ పనిచేసే మనుషులూ ఆ ఒక్కరి మాట మీద నడుస్తారు. మా దగ్గర అంతవరకు ఆడవాళ్ళెవరికీ అది ఇవ్వలేదు. నేనూ ఒకప్పుడు అడిగాను, నాకూ ఇవ్వలేదు. ఇప్పుడు ఒక ఖాళీ వస్తోంది. ఇది తప్పిపోతే ఆ అమ్మాయిని ఫర్నేసు దగ్గర నుంచి తీసేసి, సామాన్ల ఆర్డర్లు చూసుకునే ఆఫీసు గదిలోకి మార్చేస్తారు. ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఆ గదిలో కూర్చుంటే తనకు ఊపిరాడదంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇన్నాళ్ళకు ఒక్కరు నోరు తెరిచి అడిగినందుకు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అడిగింది సరే, ఇంటర్వ్యూకి హైదరాబాదు నుంచి వచ్చే కంపెనీ పెద్దలకు తన పని తాను చెప్పుకోవాలి కదా! అక్కడే వచ్చింది చిక్కు. ఎండాకాలంలో నేను సెలవులో ఉన్నప్పుడు ఫర్నేసును చల్లబరిచే నీళ్ళ పంపు ఆగిపోబోయింది. పంపు శబ్దం తేడాగా ఉందని పసిగట్టి, ఫర్నేసుకు కరెంటు తీయించి, పెద్ద ప్రమాదం తప్పించింది ఈ పిల్లే. ఆ మాట నాకు క్రేన్ నడిపే పెద్దాయన చెప్పాడు. ఆమెను అడిగితే షరా మామూలే. పంపు మార్చేం, అయిపోనాది మేడమ్. నాకు ఒళ్ళు మండిపోయింది.

"'మార్చేం' కాదు తల్లీ, 'ఆపించాను' అను. 'నేను' అను" అన్నాను.

"అలగంటే దిష్టి తగుల్తాది మేడమ్. మాయమ్మ ఒప్పుకోదు."

వాళ్ళది వరి పండించే ఇల్లు. కళ్ళం నిండా ధాన్యం ఉన్నా, ఎలా పండిందని ఎవరైనా అడిగితే, ఏదో పండినాది అనాలే తప్ప ఇన్ని బస్తాలని నోట అనకూడదు. పుట్టిన దగ్గర నుంచి అదే విన్న పిల్ల సొంత డప్పు ఎలా కొట్టుకుంటుంది? దిష్టి సంగతి నేను చూసుకుంటాను, కావాలంటే గుమ్మడికాయ కట్టిస్తాను అన్నాను. రోజూ సాయంత్రం కూర్చోబెట్టి సాధన చేయించాను. 'అయిపోనాది' అన్నప్పుడల్లా అందరికీ తనే టీ పెట్టి ఇవ్వాలని జరిమానా వేశాను. మా విభాగం ఆ నెలలో తాగినంత టీ ఎప్పుడూ తాగలేదు. చివరికి 'నేను' అనడం వచ్చింది గానీ, చిలక పలుకే. వింటుంటే నాకే జాలేసేది.

ఇంటర్వ్యూ రోజున నన్నూ ఒక మూల కూర్చోమన్నారు, నోరు మాత్రం ఎత్తకూడదన్నారు. నా నోటికి అంతకంటే శిక్ష ఉంటుందా? పంపు సంగతి అడిగారు. ఆ పిల్ల గొంతు సవరించుకుంది. శబ్దం మారిందండీ, ఫర్నేసు ఆపేం, పంపు మార్చేం, అయిపోనాదండి అంది. నెల రోజుల సాధన గంగలో కలిసింది. ఆ ఆఫీసు గది తలుపు కళ్ళముందు కనపడింది.

ఆ హైదరాబాదు వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీసి, ఆ రోజు ఉత్పత్తి ఎంత పోయిందో తెలుసా అని గద్దించాడు. ఫర్నేసు ఆపమని అసలు చెప్పిందెవరని అడిగాడు. చెప్పకమ్మా, ఊరుకో అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను.

"నేనేనండి" అంది. "ఎవర్నీ అడగలేదు, అడగడానికి టైము లేదు. తప్పయితే నన్ను అనండి. కింద పనిసేసినోళ్ళని ఏటీ అనకండి."

మళ్ళీ అలాంటి శబ్దం వస్తే ఏం చేస్తావని అడిగాడాయన.

"మళ్ళీ ఆపేస్తానండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఇంక అడిగేదేం లేదన్నాడు. నేను నెల రోజులు పీకినా రాని 'నేను', తనతో పనిచేసినవాళ్ళ మీదికి మాట వస్తుందనేసరికి ఒక్క క్షణంలో వచ్చేసింది. మెప్పు పుచ్చుకోవడానికి నోరు రాని పిల్ల, నింద పుచ్చుకోవడానికి మాత్రం అందరికంటే ముందుకొచ్చింది. షిఫ్టు నడపడమంటే అదేనని ఆ పెద్దాయనకు నేను చెప్పనక్కర్లేకపోయింది. మధ్యాహ్నానికల్లా కబురొచ్చింది, షిఫ్టు ఆమెకే. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని, హాయిగా ఏడ్చాను.

ఆమె షిఫ్టు ఎక్కిన మొదటి రోజు పొద్దున్నే నేను తయారు. చేతిలో మిఠాయి పెట్టె, ఒంటి మీద మంచి చీర. ఫర్నేసు ఉన్న షెడ్డు గుమ్మంలో ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. నా హెల్మెట్ ఎక్కడని అడిగింది. ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోతానన్నాను. పైన క్రేన్లో పెద్దాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కుదరదు మేడమ్" అంది. "నా షిఫ్టు ఇది."

నన్ను అంతమందిలో అలా ఆపిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. మిఠాయి పెట్టె ఆమె చేతికిచ్చి, హెల్మెట్ కోసం వెనక్కి నడిచాను. ఒంటరిగా నవ్వుకుంటూ పోతున్న నన్ను చూసి దారిలో ఎవరేమనుకున్నారో నాకు తెలీదు.