రెండుసార్లు కొట్టిండు

నందిపేట్ నుంచి ఆర్మూర్‌కు పసుపు బస్తాలు మోసే లింబాద్రి, ఎవరెంత తిట్టినా తన ట్రాలీ ఆటోను నలభై దాటించడు. పెండ్లి బారాత్ నడుపుతున్నావా అని వెనక పడుచువాళ్ళు ఎకసెక్కాలాడితే నవ్వి పక్కకు జరుగుతాడు. అట్లాంటి మనిషి మీద నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీశాడని కేసు! ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కాగితం మాత్రం నమ్మింది.

జరిగింది ఇదీ. రెండేళ్ళ కింద ఒక పొద్దున భోజన్న అనే ముసలాయన సైకిల్ నడిపించుకుంటూ ఉన్నట్టుండి రోడ్డెక్కాడు. లింబాద్రి బ్రేకు తొక్కాడు, అయినా బండి తగిలింది. బస్తాలు దింపేసి అదే బండిలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. చూసింది ఒక్క నీలవ్వ, రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చి అమ్మే మనిషి. డ్రైవర్ కొట్టిండు, మల్ల కొట్టిండు అని చెప్పింది. రాసుకున్న పోలీసాయనది ఎక్కడో దూరపు ఊరు, ఇక్కడి మాట తెలియదు. ఒకసారి గుద్ది, ఆగకుండా మళ్ళీ గుద్దాడని శుభ్రంగా రాసేశాడు.

శిక్ష పడితే జైలు, లైసెన్సు కూడా పోతుందని వకీలు చెప్పాడు. లింబాద్రికి జైలు భయం ఉంది, కానీ ఆ వాక్యమే ఎక్కువ కోసింది. పడ్డ మనిషి మీదికి మళ్ళీ బండెక్కించే కసాయినా నేను అని భార్య దగ్గర ఏడ్చాడు. నీలవ్వనే అడుగుదామంటే, సాక్షిని బెదిరించావంటారు, ఆ ఛాయలకు పోకు అన్నాడు వకీలు. దాంతో రోజూ ఆమె పొయ్యి ముందు నుంచి తల తిప్పుకుని పోయేవాడు. వీడికెంత పొగరో అని ఆమె అనుకునేది.

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి నీలవ్వ బోనెక్కింది. డ్రైవర్ రెండుసార్లు కొట్టడం చూశావా అని సర్కారు వకీలు అడిగాడు.

"చూసుడేంది సారూ, ఇన్న" అంది.

అందరూ బిత్తరపోయారు. కొట్టడం వినడమేమిటని జడ్జిగారే అడిగారు.

"హారన్ సారూ. ఒకపాలి కొట్టిండు, మల్ల కొట్టిండు. భోజన్నకు చెవులు ఇనరావు. ఊరంత ఎర్కనే."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, చెప్పాను కదా అని ఆమెకే కోపమొచ్చింది. లింబాద్రి కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

పదిహేను రోజులకు తీర్పొచ్చింది. కేసు కొట్టేశారు. కొట్టడమనే ఆ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి! రెండేళ్ళ బరువు దిగిపోయి, మెట్ల మీదే కూలబడి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు లింబాద్రి.

తలెత్తితే ఎదురుగా భోజన్న భార్య ఎంకవ్వ. ఆమె ఇల్లు రోడ్డు మీదే; అది దాటేదాకా అతను ఇన్నాళ్ళూ హారన్ ముట్టుకోలేదు, ఆ చప్పుడు ఆమె గుండెల్లో గుచ్చుకుంటుందని.

"చెవులు ఇనరానోన్ని ఒక్కన్ని తోలిన, తప్పు నాది" అంది ఎంకవ్వ. "నువ్వు హారన్ కొట్టకుంటనే గుద్దినవని ఇన్నొద్దులు నిన్ను తిట్టుకున్న బిడ్డా. ఇగ మా ఇంటి ముంగట కొట్టుకుంట పో."

మర్నాడు పొద్దున బస్తాలతో వస్తూ ఆ ఇంటి దగ్గర బండి నెమ్మది చేశాడు. రెండుసార్లు కొట్టాడు.

"ఇన్న బిడ్డా, పో" అంది లోపలి నుంచి ఎంకవ్వ.